పంతొమ్మిదేళ్లకి బొంబాయి రైలెక్కిన మన రాజమండ్రి ఆయన

ముందే ఒక విషయం ఒప్పేసుకుంటాను. నేను పుట్టి పెరిగింది రాజమండ్రిలోనే. గోదావరి గట్టు మీద ఎన్ని సాయంత్రాలు తిరిగానో లెక్కలేదు. ఏ బండి దగ్గర మిరపకాయ బజ్జీ బాగుంటుందో కళ్లు మూసుకుని చెప్పగలను. కానీ ఆ గట్టుకి దగ్గర్లోనే ఉన్న దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలోకి మొన్న సంక్రాంతి సెలవుల దాకా ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. బోర్డు చూసి, ఎవరో పాతకాలం జమీందారు గారి పేరు పెట్టుంటారులే అనుకునేవాడిని.

వెళ్లింది కూడా నా అంతట నేను కాదు. మా పిన్ని కూతురు నాలుగో తరగతి. సెలవుల్లో ఊళ్లో ఏదైనా ఒక మ్యూజియం చూసి రెండు పేజీలు రాసుకుని రమ్మన్నారట స్కూల్లో. ఇంట్లో ఖాళీగా ఫోన్ చూస్తూ కూర్చున్నది నేనొక్కడినే కాబట్టి డ్యూటీ నాకు పడింది. గంటలో అయిపోతుందనుకున్నా. అది అడిగిన ప్రశ్నలకి నా దగ్గర ఒక్క జవాబు కూడా లేదు. ఈయన ఎవరన్నయ్యా అంది. పెయింటరు అన్నా. అది నాకూ తెలుసు, బొమ్మలు కనపడుతున్నాయిగా అంది. దాంతో ఆ రాత్రి కూర్చుని చదవడం మొదలుపెట్టా. దానికి రోజుకి కొంచెం చొప్పున చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. ఇంగ్లీష్ మీడియం చేయి కదా, వత్తులు తప్పితే క్లబ్ ఎడిటర్లు దిద్దుకోవాలని మనవి.

దామెర్ల రామారావు గారు 1897 మార్చి 8న రాజమండ్రిలోనే పుట్టారు. మన పాత హేవలాక్ వంతెన తెలుసు కదా, ఇప్పుడు రైళ్లు తిరగకుండా ఖాళీగా నిలబడి ఉంటుంది. దాని పని మొదలైంది కూడా 1897లోనే. ఈయనకి మూడేళ్లు వచ్చేసరికి, 1900లో, దాని మీద రైళ్లు నడిచాయి. అంతకుముందు గోదావరి దాటాలంటే పడవే దిక్కు. అంటే ఆయనా ఆ వంతెనా ఒక ఈడు వాళ్లు అన్నమాట. ఈ సంగతి చెప్పగానే మా చెల్లికి ఆయన చుట్టం అయిపోయాడు. వంతెన దానికి తెలుసు మరి.

అప్పటి రాజమండ్రి చిన్న ఊరేమీ కాదు. కందుకూరి వీరేశలింగం గారు ఉన్న ఊరు. 1907లో బిపిన్ చంద్రపాల్ వచ్చి ఉపన్యాసాలు ఇస్తే కుర్రకారంతా వందేమాతరం అంటూ ఊగిపోయిన ఊరు. అప్పటికి మన రామారావు గారికి పదేళ్లు. ఊళ్లో కవులున్నారు, లాయర్లున్నారు, పత్రికలున్నాయి. బొమ్మలు వేయడం ఒక చదువు, అదొక జీవితం అని చెప్పేవాళ్లు మాత్రం లేరు. బొమ్మలంటే గుళ్లో గోడ మీదవి, లేకపోతే ఇళ్లల్లో వేలాడే రవివర్మ అచ్చు పటాలు, అంతే.

ఇక్కడే కథలోకి ఒక ఇంగ్లీషు ఆయన వస్తాడు. పేరు ఆస్వాల్డ్ కూల్డ్రే. 1909లో మన ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చి పదేళ్లు ఉన్నారు. తనూ బొమ్మలు వేసేవాడు, రాసేవాడు. దొర కదా, క్లాసు అయ్యాక బంగళాకి వెళ్లి తలుపు వేసుకోవచ్చు. కానీ ఈయన కుర్రాళ్లని వెంటేసుకుని తిరిగేవాడు. ఆ కుర్రాళ్లలో అడివి బాపిరాజు ఉన్నారు, అదే, తర్వాత నారాయణరావు, హిమబిందు నవలలు రాసినాయన. కవికొండల వెంకటరావు గారున్నారు. రామారావు గారు కూడా ఆ చల్లని నీడలోకే చేరారు.

నాకు ఈ కూల్డ్రే గారి మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలని ఉంది. ఎందుకంటే మనం ప్రతిభ గురించి మాట్లాడినంత, దాన్ని చూసి గుర్తుపట్టినవాళ్ల గురించి మాట్లాడం. ఒక పిల్లాడి నోట్సులో వెనక పేజీల్లో బొమ్మలుంటే మామూలుగా ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. నాకూ జరిగింది. ఎనిమిదో తరగతిలో ఫిజిక్స్ నోట్సు వెనక వేసిన బొమ్మలకి పేరెంట్స్‌ని పిలిపించారు. ఆ రోజుతో పెన్సిల్ పక్కన పెట్టేశా. తప్పు పూర్తిగా వాళ్లదే అనను, నాకూ అంత పట్టుదల లేదు. అయితే కూల్డ్రే గారు చేసింది వేరు. ఈ కుర్రాడి చేతిలో ఏదో ఉంది, దాన్ని నేర్పే శక్తి నాకు గానీ ఈ ఊరికి గానీ లేదు అని ఆయనకి అర్థమైంది. 1916లో బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించారు. డబ్బు సాయం కూడా చేశారు.

1916లోంచి 1897 తీసేయండి. పంతొమ్మిది. ఇది చదివినప్పుడు నేను ఫోన్ పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నా. నాకూ పంతొమ్మిదే. నేను హాస్టల్ నుంచి ఇంటికి వెళ్లడానికి మూడు యాప్‌లలో బస్సు చూసుకుంటాను. ఆయన భాష తెలియని ఊరికి, మన వైపు నుంచి దాదాపు ఎవరూ పోని చదువుకి, తిరిగొస్తే ఏ ఉద్యోగం వస్తుందో చెప్పేవాళ్లు లేకుండా వెళ్లారు.

అక్కడ ప్రిన్సిపాల్ సెసిల్ బర్న్స్ ఈయన తీసుకెళ్లిన బొమ్మలు చూసి నేరుగా మూడో సంవత్సరంలో చేర్చుకున్నారట. మన భాషలో లేటరల్ ఎంట్రీ. అయితే చేరడం వేరు, నేర్చుకోవడం వేరు. ఆ స్కూల్లో చదువు యూరప్ పద్ధతిలో ఉండేది. ముందు ప్లాస్టర్‌తో చేసిన విగ్రహాలు చూసి గీయాలి. వెలుగు ఎటు నుంచి పడుతోంది, నీడ ఎక్కడ ఒదుగుతోంది, చెయ్యి మడిస్తే కండ ఎలా కదులుతుంది, ఇవన్నీ చేతికి అలవాటు అయ్యేదాకా గీస్తూనే ఉండాలి. 1919లో గ్లాడ్‌స్టన్ సోలమన్ అనే ఆయన ప్రిన్సిపాల్‌గా వచ్చాక, బతికున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి ఒంటి తీరు గీయడం అక్కడి చదువులో పెద్ద భాగమైంది.

ఆ చదువు ఫలితం రామారావు గారి బొమ్మల్లో కనపడుతుంది. దాంతో నాకొక ఇబ్బంది కూడా వచ్చింది. ఆయన వేసిన వాటిలో బట్టలు లేని మనుషుల బొమ్మలు ఉన్నాయి. తెలుగునాట ఆ పని అంత ధైర్యంగా చేసిన తొలివాళ్లలో ఆయన ఒకరు. తొమ్మిదేళ్ల పిల్లని పక్కన పెట్టుకుని అలాంటి బొమ్మ ముందు నిలబడితే ఏం చెప్తారు? నేను దాన్ని పక్క బొమ్మ వైపు లాగబోయా. అది కదల్లేదు. ఈవిడకి స్నానం అవుతోందా అని అడిగింది. చివరికి డాక్టర్లు ఒళ్లు ఎలా ఉంటుందో చదువుకుంటారు కదా, బొమ్మలు వేసేవాళ్లు కూడా అలాగే చదువుకోవాలి, చీర కట్టిన మనిషిని సరిగ్గా వేయాలన్నా చీర లోపల మనిషి ఎలా నిలబడిందో తెలియాలి అన్నా. అది సరే అని ముందుకు వెళ్లిపోయింది. సిగ్గు నాదే. వందేళ్ల కిందట రాజమండ్రిలో ఆ బొమ్మలు వేసి నలుగురికీ చూపించిన మనిషికి ఎన్ని మాటలు పడ్డాయో ఊహించుకోవచ్చు.

చదువయ్యాక ఆయన కొంతకాలం గుజరాత్ వైపు తిరిగారు. కాఠియావాడ్ మనుషుల్ని, వాళ్ల పాగాల్ని, పాలమ్మే ఆడవాళ్లని వేశారు. ఆ తర్వాతే అసలు ముడి పడుతుంది. బొంబాయిలో పేరు వచ్చింది. పెద్ద ఊరు, డబ్బున్నవాళ్లు, బొమ్మలు కొనేవాళ్లు అక్కడే ఉన్నారు. అయినా రాజమండ్రి వచ్చేశారు.

ఎందుకొచ్చారో అర్థం కావాలంటే అప్పటి రోజులు కొంచెం తెలియాలి. మనం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక మూల. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగువాళ్లకంటూ ఒక రాష్ట్రం, ఒక యూనివర్సిటీ కావాలన్న మాట అప్పుడే ఊపందుకుంటోంది. బొమ్మల్లో చూస్తే బెంగాల్ వాళ్లకి అవనీంద్రనాథ్ ఠాగూర్ ఉన్నారు, వాళ్లదంటూ ఒక పద్ధతి ఉంది. బొంబాయికి జె.జె. స్కూల్ ఉంది. మరి తెలుగువాళ్ల బొమ్మ ఏది? ఇది రామారావు గారిని పట్టుకున్న ప్రశ్న. దానికి జవాబు బొంబాయిలో కూర్చుంటే దొరకదని ఆయన అనుకున్నట్టున్నారు.

ఒకటి గమనించండి. దాదాపు అదే సమయంలో మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాలకి ప్రమోద్ కుమార్ చటర్జీ అనే బెంగాలీ చిత్రకారుడు వచ్చి అవనీంద్రుల పద్ధతి నేర్పారు. మన బాపిరాజు గారు ఆయన దగ్గర నేర్చుకున్నారు. అంటే కూల్డ్రే చుట్టూ తిరిగిన ఇద్దరు స్నేహితుల్లో ఒకరు బెంగాల్ దారి, ఒకరు బొంబాయి దారి. నేను అయితే ఇద్దరూ కలిసినప్పుడు ఎంత వాదించుకుని ఉంటారో అని ఊహించుకుని నవ్వుకున్నా. మనం టాబ్స్ వాడాలా స్పేసెస్ వాడాలా అని కొట్టుకున్నట్టు.

రాజమండ్రి వచ్చాక ఆయనకి దొరికిన సమయం నాలుగైదేళ్లు. మన బీటెక్ అంత. ఆ కొద్ది కాలంలో ఏం చేశారో చూస్తే నాకు కొంచెం భయం వేసింది. పుష్పాలంకారం, నంది పూజ, కృష్ణలీల, సిద్ధార్థ రాగోదయం, కార్తీక పౌర్ణమి, ఇలా వరసగా వేశారు. ఆయన వదిలి వెళ్లినవాటిలో ఆయిల్ పెయింటింగులే 30కి పైగా ఉన్నాయి. వాటర్ కలర్లు 100 దాటాయి. ఇవి కాక పెన్సిల్ స్కెచ్‌లు వందల్లో ఉన్నాయి.

ఆయన బొమ్మల్లో దేవుళ్లున్నారు, పురాణాలున్నాయి. కానీ వాటిలో ఆడవాళ్లు మన వీధి చివర నుంచి నడిచొచ్చినట్టు ఉంటారు. కొప్పు, జడలో పూలు, నడుం దగ్గర చీర కుచ్చెళ్లు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని నిలబడే తీరు. రవివర్మ పటాల్లోలాగా నగలు మెరిసిపోవడం ఉండదు. గీత మెత్తగా వెళ్తుంది. బొంబాయిలో నేర్చుకున్న కొలతలు లోపల ఉంటాయి, పైకి మాత్రం మన మనుషులు కనపడతారు. నంది పూజ చూసి మా చెల్లి ఇది మన మామ్మ లాగే నిలబడింది అంది. నేను చదివిన వ్యాసాలన్నీ చెప్పాలనుకున్నది బహుశా అదే.

ఇక గోదావరి. కొండల మధ్య గోదావరిని ఆయన చాలాసార్లు వేశారు. మీలో ఎవరైనా వాటర్ కలర్ ప్రయత్నించి ఉంటే తెలుస్తుంది, అది జాలి లేని రంగు. ఆయిల్ అయితే ఆరాక దాని మీద ఇంకో పూత వేసి తప్పు కప్పేయొచ్చు. వాటర్ కలర్‌లో కంట్రోల్ జెడ్ లేదు. పైగా తెలుపు రంగు వేయరు. కాగితం తెలుపే వెలుగు. నీటి మీద ఎండ తళతళలాడాలంటే అక్కడ రంగు వేయకుండా వదిలేయాలి. అంటే ఎక్కడ వేయకూడదో ముందే తెలిసుండాలి. ఇది మా చెల్లికి చెప్తే, మరి ఎండ వేసినందుకు ఆయనకి రంగు ఖర్చు అవ్వలేదన్నమాట అంది.

1922లో కలకత్తా ప్రదర్శనలో ఆయన వేసిన ఋష్యశృంగ బంధనం అనే బొమ్మకి వైస్రాయ్ బహుమతి వచ్చింది. కథ మీకు తెలిసే ఉంటుంది. అడవి దాటి ఎరగని, ఆడపిల్ల అంటే ఏమిటో తెలియని ముని కుర్రాడిని వాన కురిపించడం కోసం రాజు గారి మనుషులు మాయ చేసి ఊళ్లోకి తీసుకొస్తారు. అతను అడుగుపెట్టగానే వాన పడుతుంది. అప్పటి వైస్రాయ్ లార్డ్ రీడింగ్ ఈయన వేసిన గోదావరి దృశ్యం ఒకటి చూసి ముచ్చటపడి కొనుక్కున్నారని కూడా చెప్తారు. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన పెద్ద ప్రదర్శనకి కూడా ఈయన బొమ్మలు వెళ్లాయి.

ఆ 1922 డిసెంబరులోనే కలకత్తాలో ఇంకో సంగతి జరిగింది. జర్మనీ నుంచి కాండిన్‌స్కీ, పాల్ క్లే లాంటి వాళ్ల బొమ్మలు తెచ్చి చూపించారు. మనిషీ చెట్టూ ఏమీ లేకుండా ఉత్త రంగులు, గీతలతో బొమ్మ వేయొచ్చు అని నమ్మినవాళ్లు వాళ్లు. చిత్రకళలో ప్రపంచం ఎటు వెళ్తోందో అది ఒక్క ఏడాదిలో మన దేశం గుమ్మంలోకి వచ్చేసింది. రామారావు గారికి ఇంకో ముప్ఫై ఏళ్లు దొరికి ఉంటే ఆ దారి వైపు చూసేవారా, లేక మన ఆడవాళ్లనీ మన గోదావరినే పట్టుకుని ఉండేవారా? సమాధానం లేని ప్రశ్న అని తెలుసు. అయినా బస్సులో వస్తూ దాని గురించే ఆలోచించా.

అయితే బహుమతుల కన్నా నాకు నచ్చింది వేరే ఉంది. బహుమతి వచ్చినాయన ఇంట్లో కూర్చుని బొమ్మలు అమ్ముకోలేదు. రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి పిల్లలకి నేర్పడం మొదలుపెట్టారు. తోటి వాళ్లని కూడగట్టి ఒక చిత్రకళా సంఘం పెట్టారు, మన ఊళ్లోనే ప్రదర్శనలు జరిపించారు. ఆయన భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా బొమ్మలు వేశారు. 1920ల్లో గోదావరి జిల్లాలో ఇంటి ఆడవాళ్లు కుంచె పట్టుకున్నారంటే చిన్న విషయం కాదు. ఇది విని మా చెల్లి, మరి గ్యాలరీకి ఆయన ఒక్కడి పేరే ఎందుకు పెట్టారు అని అడిగింది. నా దగ్గర మంచి జవాబు లేదు.

తర్వాతి భాగం దానికి చెప్పడానికి ఒక రోజంతా వాయిదా వేశా.

1925 మొదట్లో రామారావు గారికి మశూచి సోకింది. మన పెద్దవాళ్లు అమ్మవారు పోసింది అంటారు చూడండి, అదే. మన తరానికి ఆ జబ్బు అంటే ఏమిటో తెలియదు. మా తాతయ్య చిన్నప్పుడు చూశారు. గుమ్మానికి వేపమండలు కట్టేవారట, ఆ ఇంటి వైపు పిల్లల్ని వెళ్లనిచ్చేవారు కాదట. పెద్ద జ్వరంతో మొదలై ఒళ్లంతా పొక్కులు వచ్చేవి. సోకిన పదిమందిలో ముగ్గురు దాకా పోయేవారు. బతికినవాళ్లకి ముఖం మీద మచ్చలు మిగిలేవి, కొందరికి చూపు కూడా పోయేది. చలికాలం చివర నుంచి ఎండలు ముదిరేదాకా దాని కాలం. టీకా కనిపెట్టి అప్పటికే నూట పాతికేళ్లు దాటింది. అయినా ఆ జబ్బు మన దేశం నుంచి పూర్తిగా పోవడానికి 1975 దాకా పట్టింది.

1925 ఫిబ్రవరి 6న ఆయన చనిపోయారు. ఇంకో నెల రోజులుంటే ఇరవై ఎనిమిది నిండేవి.

మా చెల్లి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, మరి సగం వేసిన బొమ్మలు ఏం చేశారు అంది. నేను ఆయన గురించి, ఆయన వయసు గురించి బాధపడుతున్నా. అది బొమ్మల గురించి అడిగింది. నిజానికి అసలు అడగాల్సింది అదే. పేరున్న మనిషి పోతే నాలుగు సంతాప సభలు జరుగుతాయి. కాగితాలు మాత్రం అటక ఎక్కుతాయి. మన గోదావరి తేమకి, చెదలకి ఒక వాటర్ కలర్ ఎన్నేళ్లు నిలుస్తుంది?

నిలిచింది వరదా వెంకటరత్నం గారి వల్ల, ఇంటివాళ్ల వల్ల. వెంకటరత్నం గారు రామారావు గారి స్నేహితుడు, తనూ మంచి చిత్రకారుడు. స్నేహితుడు పోయాక ఆ చిత్రకళాశాలని మూసేయకుండా ఆయన భుజాన వేసుకున్నారు. ఆ బొమ్మలని ఒక చోట ఉంచి, రామారావు గారి పేరు మీద గ్యాలరీగా నిలబెట్టారు. తర్వాత తర్వాత అది ప్రభుత్వం చేతికి వెళ్లింది. వెంకటరత్నం గారు ఆ రోజుల్లో తన బొమ్మల మీదే దృష్టి పెట్టి ఉంటే ఆయన పేరు ఇంకా పెద్దదయ్యేదేమో. ఆ లెక్క ఆయన వేసుకున్నట్టు లేదు. మన ప్రాజెక్టుల్లో రిపాజిటరీ మెయింటెయిన్ చేసేవాడిని ఎవరూ గుర్తుపెట్టుకోరు కదా, అలాంటి పని అది. దాన్ని ఆయన ఏళ్ల తరబడి చేశారు.

సెలవుల చివరి రోజున మేమిద్దరం గ్యాలరీకి ఇంకోసారి వెళ్లాం. ఈసారి నన్ను లాక్కెళ్లింది అది. బయటకి వచ్చాక గట్టు మీద కూర్చుంటే ఎదురుగా పాత వంతెన, దాని వెనక పొద్దు వాలుతోంది. అది రెండు పేజీల హోంవర్క్ ఒక పేజీలోనే ముగించి రెండో పేజీ నిండా వంతెన గీసింది. స్తంభాలు ఎన్ని పడితే అన్ని వేసేసింది. నేను దాని రంగుల పెట్టె అడిగి తీసుకుని ఆరేళ్ల తర్వాత మొదటిసారి ఒక కాగితం తడిపా. నీటి మీద ఎండ పడే చోటు వదిలేద్దామనే కూర్చున్నా. చెయ్యి ఆగలేదు, అక్కడ కూడా పసుపు పూసేశా. గోదావరి మొత్తం పప్పుచారులా వచ్చింది. అది చూసి మా చెల్లి ఏమీ అనలేదు, ఇంకో కాగితం చింపి ఇచ్చింది.